క్లారినెట్ మీద కర్ణాటక సంగీతం: బ్యాండు మేళం పిల్లగాడు ఎక్కడ మొదలుపెట్టాలె?

మూసీ_ఒడ్డు (నకిరేకల్)

మా వాడకట్టు పిల్లగాడు, 15 ఏండ్లు. రెండు సీజన్ల నుంచి బ్యాండు మేళంల క్లారినెట్ పడుతున్నడు. విన్న పాట విన్నట్టు వాయిస్తడు గానీ సరిగమలు తెల్వవు. శాస్త్రీయంగ నేర్పిద్దామని ఇంట్లోళ్లు ఒప్పుకున్నరు. చేతిల ఉన్నది పాత ఆల్బర్ట్ (పాతకాలపు కీల అమరిక) క్లారినెట్, 13 కీలు, బి-ఫ్లాట్. రీడు (ఊదితే అదిరే రెల్లు ముక్క) 1½ నంబరు, మెత్తది. నల్లగొండల గాత్రం చెప్పే టీచర్లు ఉన్నరు గానీ క్లారినెట్ చెప్పేటోళ్లు దొరకలే. అడిగేది మూడు సంగతులు. గాత్రం టీచర్ దగ్గర మొదలుపెడితే పనికొస్తదా? సా ఏ వేళ్ల మీద పెట్టాలె? ఒకాయన ఇది పక్కన పడేసి బోమ్ (ఇప్పటి కీల అమరిక) క్లారినెట్ కొనియ్యి అంటున్నడు, అది నిజమేనా?

పానగల్లు_సార్ (నల్లగొండ)

మొదటి ప్రశ్నకు జవాబు: పనికొస్తుంది, పైగా అదే సరైన దారి. క్లారినెట్‌ను కచేరీ వేదిక ఎక్కించిన ఎ.కె.సి. నటరాజన్ గారి శిక్షణ చూడండి. తండ్రి క్లారినెట్ విద్వాంసుడే. అయినా గాత్రం ఆలత్తూర్ వెంకటేశ అయ్యర్ దగ్గర, నాగస్వరం ఇలుప్పూర్ నటేశ పిళ్లై దగ్గర నేర్చుకున్నారు. ఆ రెండూ కలిస్తేనే ఆ వాద్యంలో ఆ పలుకు వచ్చింది. 2008లో సంగీత కళానిధి, 2022లో పద్మశ్రీ అందుకున్నారు. అంతకుముందు క్లారినెట్ దక్షిణాదిలో ఎక్కువగా నాట్య మేళాల్లో వెనక కూర్చునే వాద్యం.

మీ పిల్లవాడికి మొదటి నాలుగు నెలలు ఇలా నడపండి. ఉదయం అరగంట నోటితోనే సరళీ వరుసలు, తంబూర శ్రుతిలో, చేతితో ఆదితాళం వేస్తూ. సాయంత్రం అవే వరుసలు వాద్యం మీద. నోటితో మూడు కాలాల్లో తప్పు లేకుండా రానిది వాద్యం మీద పట్టించవద్దు. బ్యాండు పిల్లలకు వేళ్లు ముందు పరుగెత్తుతాయి, స్వరం పేరు వెనకబడుతుంది. ఆ తర్వాత జంట వరుసలు, దాటు వరుసలు, సప్త తాళ అలంకారాలు. జంట వరుసల్లో రెండో స్వరాన్ని నాలుకతో కొట్టనివ్వకండి. నాగస్వరంలో లాగా ఊపిరితో చిన్న ఒత్తు ఇవ్వాలి. నాలుకతో ప్రతి స్వరాన్నీ విడగొడితే అది బ్యాండు పలుకే అవుతుంది. నాలుక ఊపిరి మొదట్లో ఒకసారి, మళ్లీ సాహిత్యంలో మాట విరిగే చోట, అంతే.

అలంకారాలు అయ్యాక గీతాలు, రెండు స్వరజతులు, తర్వాత మోహనలో, హంసధ్వనిలో ఆదితాళ వర్ణాలు. వర్ణం రెండు కాలాల్లో నిలబడేసరికి ఏడాదిన్నర, రెండేళ్లు పడుతుంది. తొందరపడి కృతులకు వెళితే గమకం (స్వరాన్ని ఊపడం, జార్చడం) ఉండదు, పాట మాత్రం ఉంటుంది. అది వాడికి ఇప్పటికే వచ్చు కదా.

గద్వాల_గాలి (గద్వాల)

సా ఎక్కడ అన్నది చిన్న ప్రశ్న కాదు. రేపు ఏ వర్ణం సాఫీగా వస్తుంది, ఏది తడబడుతుంది అన్నది దానితోనే తేలిపోతుంది.

సన్నాయిలో, వేణువులో ఊపిరి బిగిస్తే అవే వేళ్లతో పై స్థాయి పలుకుతుంది. క్లారినెట్‌లో అలా జరగదు. గొట్టం లోపల దాదాపు చివరి దాకా ఒకే వెడల్పు, రీడు ఉన్న కొస మూసుకున్నట్టే లెక్క. అలాంటి గొట్టంలో రెట్టింపు కంపనం పుట్టదు, మూడు రెట్లది పుడుతుంది. అందుకే వెనక బొటనవేలి కీ నొక్కితే సా కాస్తా తారస్థాయి పంచమం అవుతుంది. కింది స్థాయిలో సా వేళ్లు పై స్థాయిలో పా వేళ్లు. ఈ రెండు స్థాయిలు కలిసే చోట ఒక గండి ఉంది. అన్ని వేళ్లూ ఎత్తేసి పై కీలతో వాయించే స్వరం పక్కనే అన్ని వేళ్లూ మూయాల్సిన స్వరం. తొమ్మిది వేళ్లు ఒక్కసారిగా పడాలి. శాస్త్రీయానికి వచ్చిన క్లారినెట్ వాళ్ల ఇబ్బందుల్లో సగం అక్కడివే.

బి-ఫ్లాట్ క్లారినెట్ మీద సా పెట్టడానికి మూడు చోట్లు ఉన్నాయి.

ఆరు వేళ్లూ మూసి సా పెడితే 4 శ్రుతి (హార్మోనియం మీద ఎఫ్). మధ్యస్థాయి మొత్తం వెనక కీ అవసరం లేకుండా తెరిచిన రంధ్రాల మీదే వస్తుంది. అన్నీ ఎత్తేస్తే పై సా. గండి తారస్థాయి రి, గ మధ్యకు పోతుంది. లోటు ఏమిటంటే, కింద చిటికెన వేళ్ల కీలతో చతుశ్రుతి ధైవతం (పెద్ద ద) దాకానే దిగగలం, మంద్ర పంచమం (కింది స్థాయి పా) లేదు.

ఎడమచేతి మూడు వేళ్ల మీద సా పెడితే 6½ శ్రుతి. మంద్ర పంచమం దొరుకుతుంది. కానీ గండి సరిగ్గా మధ్యస్థాయి కైశికి (చిన్న ని), కాకలి (పెద్ద ని) నిషాదాల నడుమ పడుతుంది. పదనిస అన్న ప్రతి సంచారంలో పిల్లవాడు తొట్రుపడతాడు. శంకరాభరణం, మాయామాళవగౌళ రెండింట్లోనూ ఇదే బాధ.

ఆరు వేళ్లూ మూసి వెనక కీ కూడా నొక్కి సా పెడితే 1 శ్రుతి, బాగా ఎత్తు స్థాయిలో. వేళ్ల నడక సన్నాయి లాగే ఉంటుంది, ఊరేగింపులో దూరం వినిపిస్తుంది. కానీ మంద్ర పంచమం గొంతు కీల (పై ముక్క కొసన ఉండే కీల) మీద పీలగా పలుకుతుంది. తార సా దగ్గర మూడో స్థాయి మొదలవుతుంది. 1½ రీడుతో ఆ స్వరాలు కిందికి జారతాయి.

నా ఓటు మొదటిదానికి. మంద్ర పంచమానికి దిగే సంగతులు వచ్చినచోట ఆ ముక్కను మధ్యస్థాయికి మడిచి వాయించాలి. చెవికి అంత ఎబ్బెట్టుగా ఉండదు.

దేవరకొండ_బాజా

అన్నా, వెనక కీ నొక్కితే పై సా వస్తది గదా. పా వస్తది అంటున్నరేంది?

గద్వాల_గాలి

అది శాక్సాఫోన్ తమ్మీ. దాని గొట్టం పోనుపోను వెడల్పు అవుతుంది కాబట్టి పై సాకే దూకుతుంది. చాలా బ్యాండ్లలో ఒకే మనిషి రెండూ వాయిస్తాడు, అందుకే ఈ గందరగోళం. శాక్సాఫోన్ వేళ్ల అలవాటు పై స్థాయికి తెస్తే ప్రతి స్వరం తప్పుతుంది.

రిపేరు_రాజ్యం (మిర్యాలగూడ)

మీరు సా గురించి కొట్లాడుకునే ముందు ఆ క్లారినెట్ల గాలి కారుతుందో లేదో చూస్కోండ్రి. కారే క్లారినెట్ మీద ఎంత సాధన చేసినా పోరడు పెదవి బిగించుడే నేర్చుకుంటడు.

పై ముక్క ఒక్కటి తీస్కో. వేళ్లతోటి రంధ్రాలు మూసి, కింది కొస అరచేతితోటి మూసి, పైనుంచి గాలి గుంజు. గుంజిన పట్టు మూడు నాలుగు సెకన్లు నిలవాలె. వెంటనే వదిలితే ఏదో పాడ్ (కీ కింది మెత్త) కూర్చుంటలేదు. ఏదో తెల్వాలంటే సిగరెట్ కాయితం సన్నగ కత్తిరించి పాడ్ కింద పెట్టి, కీ మూసి మెల్లగ గుంజు. అన్ని దిక్కులా ఒక్క తీరుగ పట్టాలె. ఒక పక్క జారితే అక్కడ కారుతుంది. పాత వాటిల ఎక్కువ పోయేది గొంతు కీల పాడ్లు, వెనక కీ పాడ్. వెనక కీ గొట్టంల చెమ్మ, దుమ్ము పేరుకుంటది, పై స్థాయి గురగురమంటది. పత్తి చుట్టిన పుల్లతోటి తుడువు.

కార్కు పోయినచోట బ్యాండోళ్లు దారం చుడ్తరు. తప్పేం కాదు, మైనం రాసిన దారం వరుసగ చుడితే మంచిగనే పట్టుకుంటది. కొబ్బరినూనె మాత్రం రాయొద్దు, లోపలికి ఇంకి కార్కు కింది గమ్ము వదులుతది. కార్కు గ్రీజే వాడు.

మన ఎండలకు కర్ర క్లారినెట్ పగులుతది. ఏప్రిల్, మేలల్ల బండి డిక్కీల పెట్టొద్దు. వాయించినంక గుడ్డతోటి లోపల తుడిచి ముక్కలు విడదీసి పెట్టాలె. కొత్త కర్రదైతే మొదటి రెండు వారాలు రోజుకు 20 నిమిషాలకు మించి ఊదొద్దు. ఎబొనైట్‌దైతే ఈ బాధ లేదు, ఎండల ఉంచితే రంగు మాత్రం మారుతది.

పాత ఆల్బర్ట్ అంటున్నవు. పై ముక్క మీద హెచ్.పి. అనో ఎల్.పి. అనో అక్షరాలు చెక్కి ఉన్నయేమో చూడు. అది చాలా ముఖ్యం.

పాలమూరు_స్కోరు (మహబూబ్‌నగర్)

బోమ్ కొనమన్నది నేను కాదు గానీ, ఆ మాటలో న్యాయం ఉంది. ఈ కుర్రాడు రేపు దేనితో బతకాలి అన్నది కూడా లెక్కలోకి రావాలి. ట్రినిటీ, ఏబీఆర్‌ఎస్‌ఎం అనే పాశ్చాత్య సంగీత పరీక్షలు 1 నుంచి 8 గ్రేడ్ల దాకా ఉన్నాయి, హైదరాబాద్‌లో రాయొచ్చు. సైన్యం బ్యాండ్లలో చేరితే శిక్షణ మధ్యప్రదేశ్ పచ్‌మఢీలోని మిలిటరీ మ్యూజిక్ వింగ్‌లో. ముంబైలో 2006లో మొదలైన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా ఉంది. వీటన్నిటికీ స్టాఫ్ నొటేషన్ (గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపి) చదవడం రావాలి. ఆర్కెస్ట్రా ఆడిషన్ అంటే ప్రపంచమంతా మోజార్ట్ క్లారినెట్ కన్చెర్టో అడుగుతారు, అది ఎ-క్లారినెట్‌కు రాసింది. అంటే రెండు వాద్యాలు కొనాలి. పాఠ్య పుస్తకాల్లోని వేళ్ల పటాలన్నీ ఇప్పుడు బోమ్‌వే. ఆల్బర్ట్ పట్టుకుని వెళితే పటం ఒకటి చెబుతుంది, వాద్యం ఇంకొకటి పలుకుతుంది.

చదవడం నేర్వడానికి రోజుకు 20 నిమిషాలు చాలు. తలచుకుంటే ఏడాదిలో మూడో గ్రేడ్ పాఠం చూసి వాయించగలడు. బ్యాండు చెవి ఉన్నవాళ్లకు ఒక చిక్కు. రెండుసార్లు వినగానే కంఠస్థం చేసేసి కాగితం చూడటం మానేస్తారు. రోజూ కొత్త నాలుగు వరుసలు ఇవ్వాలి, నిన్నటివి మళ్లీ ఇవ్వకూడదు.

గద్వాల_గాలి

ఉద్యోగానికి బోమ్ అంటే కాదనను. గమకానికి మాత్రం ఆల్బర్టే సుఖం. దానికి కారణం చూడండి.

ఆరు వేళ్ల సా నుంచి కింది వేలు మొదలుకుని ఒక్కొక్కటే ఎత్తుకుంటూ పోతే ఆల్బర్ట్ మీద వచ్చేది స, చతుశ్రుతి రి, అంతర గ, శుద్ధ మ, ప, చతుశ్రుతి ద, కైశికి ని. అంటే హరికాంభోజి రాగం. బోమ్ మీద అదే పని చేస్తే కుడిచేతి చూపుడువేలు దగ్గర అంతర (పెద్ద) గ బదులు సాధారణ (చిన్న) గాంధారం వస్తుంది, కాబట్టి ఖరహరప్రియ రాగం. ఒక్క వేలు తేడా. బోమ్‌లో అంతర గాంధారానికి చూపుడువేలు ఎత్తి మధ్యవేలు ఒక్కటే ఉంచాలి. మగమ అని ఊగేచోట ఆ వేళ్ల మార్పిడి అడ్డుపడుతుంది.

రెండోది రింగులు, అంటే రంధ్రం చుట్టూ ఉండి వేలితో పాటు కిందికి దిగే లోహపు వలయాలు. రంధ్రాన్ని సగం మూసి స్వరాన్ని జార్చాలంటే వేలు నేరుగా రంధ్రం అంచు మీద దొర్లాలి. రింగు ఉన్నచోట వేలు వంచగానే రింగు కిందికి పోయి ఇంకెక్కడో పాడ్‌ను మూసేస్తుంది. జారు బదులు మెట్టు వినిపిస్తుంది. బోమ్‌కు ఆరు రింగులు. మామూలు 13 కీల ఆల్బర్ట్‌కు రెండే, అవీ కింది ముక్క మీద.

పానగల్లు_సార్

ఈ లెక్క చూసి ఎవరైనా హరికాంభోజితో మొదలుపెడదామంటారేమో, అందుకని ముందే చెబుతున్నాను. వద్దు. మాయామాళవగౌళతోనే మొదలుపెట్టాలి. కష్టమైనది కాబట్టే.

శుద్ధ రిషభానికి రెండు దారులు. చిటికెన వేలి కీతో నొక్కితే స్వరం స్థిరంగా, చప్పగా వస్తుంది. కుడిచేతి చివరి వేలిని సగం జరిపి రంధ్రం సగం తెరిస్తే స్వరం మెత్తగా వస్తుంది, శ్రుతి మాత్రం వేలి కింద కదులుతూ ఉంటుంది. మొదటి నెల కీతో వాయించి ఆ స్థానం చెవికి ఎక్కించండి. రెండో నెల సగం రంధ్రంతో వాయించి, కీ స్వరంతో పోల్చి చూసుకోమనండి. శుద్ధ ధైవతానికీ ఇదే పద్ధతి, ఎడమచేతి మధ్యవేలితో. కాకలి నిషాదానికి వెనక బొటనవేలు ఎత్తి చూపుడువేలు ఒక్కటే మూయాలి. అక్కడి నుంచి పై సాకు ఆ ఒక్క వేలే లేస్తుంది కాబట్టి తేలిక.

రింగులున్న రంధ్రం మీద జారు రాకపోతే దవడ వదులు చేసి జార్చవచ్చు. స్వరం పైనుంచి కిందికే జారుతుంది, పైకి వెళ్లడానికి చోటు చాలా తక్కువ. అందుకే కంపిత గమకంలో పై స్వరాన్ని వేలితో తెరిచి, దవడతో కిందికి దింపాలి.

రిపేరు_రాజ్యం

రీడు సంగతి ఎవ్వరూ ముట్టలే. 1½ రీడు బ్యాండోళ్లకు ఎందుకంటే మూడు గంటల బరాత్ ఊదాలె, పెదవి ఆగాలె. దాని మీద పై స్థాయి గీ పెడుతది, చిన్నగ ఊదితే పలకది. ఒక్కసారే 2½కు పోవద్దు. ముందు 2, మూడు నెలలకు 2½. కంపెనీ మారితే నంబరు మారినట్టే, వాండోరెన్ 2 రికో 2 కన్న జర గట్టిగుంటది.

పది రీడ్ల డబ్బాల మంచిగ పలికేవి మూడు నాలుగే దొరుకుతయి. వాటి మీద పెన్సిల్‌తోటి నంబరేసి రోజుకొకటి మార్చి వాడాలె. ఒక్కటే రోజూ వాడితే రెండు వారాలల్ల చస్తది. వాయించే ముందు రెండు నిమిషాలు నీళ్లల్ల తడుపు. కొస అలలు అలలుగ వంకరైతే తడిపి అద్దం మీద బోర్లించి వేలితో ఒత్తు. మరీ గట్టిదైతే 600 నంబరు నీటి కాయితం మీద వెనక వైపు నాలుగైదు సార్లు మెల్లగ రుద్దు, మళ్లీ ఊది చూడు. కొస దిక్కు రుద్దొద్దు, ఒక్క తప్పుకు రీడు పాయె. మౌత్‌పీసు మీద పెట్టినప్పుడు రీడు పైన నల్లటి అంచు వెంట్రుక మందం కనబడాలె. లిగేచర్ (రీడును పట్టే పట్టీ) మరలు వేళ్లతోటి బిగిస్తే సాలు.

మయూరి_నోట్ (సూర్యాపేట)

నోరు గురించి. బుగ్గలు ఉబ్బించడం, కింది పెదవిని కొరకడం, ఈ రెండూ బ్యాండు అలవాట్లే. కొరుకుతున్నాడో లేదో తెలుసుకోవడానికి తేలిక పరీక్ష ఉంది. మౌత్‌పీసు, బారెల్ (దాని కిందనే ఉండే పొట్టి ముక్క) మాత్రమే పట్టుకుని ఊదితే ఫోన్‌లోని ట్యూనర్ ఎఫ్-షార్ప్ చూపించాలి. అంతకన్నా పైకి చూపితే కొరుకుతున్నాడు, కిందికి చూపితే పట్టు వదులు. కొరికితే శ్రుతి పైకి పోతుంది, పలుకు పీలగా అవుతుంది, అరగంటకే పెదవి లోపల పుండు పడుతుంది.

రోజూ ముందుగా 15 నిమిషాలు నిలుపు స్వరాలు. నిమిషానికి 60 దెబ్బల మెట్రోనోమ్, ఒక్కో స్వరం 8 దెబ్బలు, ట్యూనర్ ముల్లు కదలకుండా. తర్వాత గండి దాటే సాధన. పై సా, తార రి దగ్గర ఉన్నప్పుడే కుడిచేతి వేళ్లు మూసి ఉంచాలి, శ్రుతి పెద్దగా మారదు. గండి దాటేటప్పుడు ఎడమచేయి ఒక్కటే కదిలితే సరిపోతుంది. రోజూ 5 నిమిషాలు రిగరిగ.

మన ఉమ్మడి నల్లగొండలో ఇంకో మాట చెప్పుకోవాలి. ఫ్లోరైడ్ నీళ్ల వల్ల ముందు పళ్ల మీద ఎనామెల్ గుంటలు పడి పెళుసుగా ఉన్న పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. పై పళ్లు నేరుగా మౌత్‌పీసు మీద ఆనుతాయి, ఆ అదురు పళ్లకు తగులుతుంది. 0.8 మి.మీ. రబ్బరు ప్యాచ్ అంటించండి. పళ్లు జారకుండా ఉంటాయి, కొరకడం కూడా తగ్గుతుంది.

దేవరకొండ_బాజా

సీజన్ల సాధన ఎట్ల చేస్తడు? బ్యాండు మానేస్తే ఇల్లు గడవదు.

పానగల్లు_సార్

మానమని ఎవరూ అనడం లేదు. పెళ్లిళ్లు లేని నెలలే మన విద్యా సంవత్సరం. ఆషాఢం, మూఢం వచ్చిన రోజులు. కొత్త పాఠాలు అప్పుడే. ముహూర్తాల రోజుల్లో నోటి పాఠం మాత్రమే, వాద్యం మీద నిలుపు స్వరాలు 10 నిమిషాలు చాలు. ముందు రాత్రి ఊరేగింపు ఊది వచ్చిన పెదవితో గమకం పట్టించకండి, కొరకడం తిరిగి వస్తుంది. బ్యాండుకు ఒక రీడు, పాఠానికి ఒక రీడు వేరుగా పెట్టించండి.

వేదిక అంటే మొదట గుడి ఉత్సవాలే. చెరువుగట్టు, మన్యంకొండ లాంటి చోట్ల డోలుతో వాయించేవాళ్ల పక్కన అరగంట కూర్చునే అవకాశం అడగండి. తర్వాత ఆకాశవాణి హైదరాబాద్ ఆడిషన్. గ్రేడ్లు బి, బి-హై, ఎ, టాప్. గాత్రంలో డిప్లొమా కావాలంటే రాంకోఠిలోని శ్రీ త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది.

మయూరి_నోట్

కచేరీలో మైకు ఎక్కడ పెడతారో కూడా చూసుకోవాలి. సౌండు వాళ్లు బూర నోటి దగ్గర పెట్టేస్తారు. క్లారినెట్ పలుకు తెరిచిన రంధ్రాల్లోంచి వస్తుంది, కింది స్వరాలు మాత్రమే బూర దాకా వెళతాయి. రెండు చేతుల నడుమకు గురిపెట్టి 30 సెం.మీ. దూరంలో పెట్టమనాలి. లేకపోతే కింది సా బాంబులా, మధ్యమం పంచమం గొణుగుడులా వినిపిస్తాయి. వయొలిన్ పక్కవాద్యమైతే దాని మైకు క్లారినెట్‌కు ఎదురుగా ఉండకూడదు.

మూసీ_ఒడ్డు

సార్లకు, అన్నలకు దండాలు. గాలి పరీక్ష చేసినం, వెనక కీ పాడ్ కారుతుంది, మార్పిస్తున్నం. రాజ్యమన్న అడిగిన అక్షరాలు చూసినం, హెచ్.పి. అనే ఉన్నది. యాప్ పెట్టి చూస్తే ప్రతి స్వరం సగం మెట్టు పైనే చూపిస్తుంది. బారెల్ బయటికి గుంజితే సరిపోతదా?

రిపేరు_రాజ్యం

సరిపోదు. హెచ్.పి. అంటే హై పిచ్, పాత బ్రిటిష్ మిలిటరీ బ్యాండ్ల శ్రుతి. ఎ స్వరం 452.5 హెర్ట్జ్, ఇప్పటిది 440. తేడా దగ్గర దగ్గర 48 సెంట్లు (అరస్వరంల నూరో వంతు ఒక సెంటు).

గద్వాల_గాలి

లెక్క వేస్తే విషయం తేలుతుంది. పై సా పలికేటప్పుడు లోపల గాలి స్తంభం పొడవు సుమారు 25 సెం.మీ., కింది సాకు సుమారు 50. 48 సెంట్లు దించాలంటే పై సాకు 7 మి.మీ. గుంజాలి, కింది సాకు 14. పైదానికి సరిచేస్తే కిందిది పైనే ఉంటుంది, కిందిదానికి సరిచేస్తే పై సా పడిపోతుంది. మంచి శ్రుతి ఉన్న వాద్యాన్ని కూడా బారెల్ దగ్గర 2 మి.మీ. మించి గుంజకూడదు, మిగతాది పై ముక్క, కింది ముక్క కలిసే చోట గుంజాలి. ఎండాకాలం ఈ గుంజుడు తప్పదు. లోపలి గాలి 1 డిగ్రీ వేడెక్కితే శ్రుతి 3 సెంట్లు ఎక్కుతుంది.

అయితే పారేయకండి. కర్ణాటక సంగీతానికి 440 తో పని లేదు. ఎలక్ట్రానిక్ తంబూరలో శ్రుతిని సన్నగా కదిలించే మర ఉంటుంది. ఆరు వేళ్ల సా నిలుపుగా ఊదించి, పది నిమిషాలు వాయించి వేడెక్కాక, తంబూరను దానికి కలపండి. 4, 4½ శ్రుతుల నడుమ నిలుస్తుంది. గాత్రం టీచర్‌ను ఆ శ్రుతిలో పాఠం చెప్పమని అడగాలి. వయొలిన్ కలుపుకుంటుంది, మృదంగాన్ని కూడా సర్దుకుంటారు. హార్మోనియం, కీబోర్డు పక్కన మాత్రం కూర్చోబెట్టవద్దు. బ్యాండులో మిగతావాళ్లతో ఇన్నాళ్లూ ఎలా కలిసిందో, అది వాడి పెదవిని అడగండి. శ్రుతి దించడానికి దవడ వదిలేసి ఊదుతూ ఉండి ఉంటాడు. మయూరి గారి ఎఫ్-షార్ప్ పరీక్ష ముందు చేయించి, ఆ ఫలితం ఇక్కడ రాయండి.